ఎమ్మెల్యే ‘మంజూరైంది’ అన్నారంటే పని ఎక్కడిదాకా వచ్చినట్టు?

ఇప్పుడు దాదాపు ప్రతి ఎమ్మెల్యే ఆఫీసుకూ వాట్సాప్ గ్రూపులు, ఫేస్‌బుక్ పేజీ ఉంటున్నాయి. వారానికో, పదిహేను రోజులకో ‘నియోజకవర్గ అభివృద్ధి వివరాలు’ అని ఒక పోస్టర్ వస్తుంది. ఫలానా వార్డులో సీసీ రోడ్డుకు ఇన్ని లక్షలు, ఫలానా ఖబ్రస్తాన్ ప్రహరీకి ఇన్ని లక్షలు, ఇన్ని షాదీ ముబారక్ చెక్కులు, ఇన్ని సీఎంఆర్‌ఎఫ్ చెక్కులు. కింద ‘మంజూరు చేయించిన మా ప్రియతమ నాయకుడికి ధన్యవాదాలు’. చదివినవాళ్లు ఒక దండం బొమ్మో, మాషా అల్లాహ్ అనో పెట్టి ముందుకెళ్లిపోతారు.

చాలాసార్లు దానివల్ల నష్టమేమీ లేదు. కానీ ఒక్కోసారి ఉంటుంది. రిపోర్టింగ్ పని మీద వెళ్లిన ఒక పట్టణంలో చూశాను. అక్కడ ఖబ్రస్తాన్‌కు మూడు వైపుల గోడ ఉంది, నాలుగో వైపు లేదు. ఆ వైపు నుంచే పక్క ప్లాట్లవాళ్లు కొంచెం కొంచెం జరుగుతూ వస్తున్నారు. కమిటీ పెద్దలు జుమా తర్వాత చందా వసూలు మొదలుపెట్టారు, సగం దాకా జమైంది. అంతలో ఎమ్మెల్యే గారి పోస్టర్ వచ్చింది, ప్రహరీ మంజూరైంది అని. శంకుస్థాపన కూడా అయింది, శిలాఫలకం పెట్టారు. ఇక గవర్నమెంటే కడుతుంది కదా అని చందా ఆపేశారు. ఆ తర్వాత రెండు వానాకాలాలు పోయాయి. నేను వెళ్లినప్పుడు శిలాఫలకం ఉంది, గోడ లేదు, పక్క ప్లాటు రేకుల షెడ్డు మాత్రం లోపలికి వచ్చేసింది.

ఎమ్మెల్యే అబద్ధం చెప్పారా? లేదు. పరిపాలనా అనుమతి నిజంగానే వచ్చింది. దాని తర్వాత ఇంకా ఎన్ని మెట్లు ఉన్నాయో అక్కడ ఎవరికీ తెలియదు, అంతే. అందుకే ఈ వ్యాసం. ఉదాహరణలు ఎక్కువగా తెలంగాణవి. ఆంధ్రప్రదేశ్‌లో పథకాల పేర్లు వేరు గానీ ఫైలు నడిచే దారి చాలావరకు ఇదే.

ఒక మాట, ఎన్నో మెట్లు

‘మంజూరు’ అనే ఒకే మాటను మనవాళ్లు కనీసం నాలుగైదు వేర్వేరు దశలకు వాడుతున్నారు.

మొట్టమొదటిది వినతిపత్రం. ఎమ్మెల్యే మంత్రిని కలిసి కాగితం ఇస్తారు, మంత్రి దాని మీద ‘పరిశీలించి పంపండి’ అని రాసి సంతకం చేస్తారు. ఫొటో దిగుతారు. ఈ ఫొటోకే ‘నిధుల మంజూరుకు మంత్రి గ్రీన్ సిగ్నల్’ అని హెడ్డింగ్ పడుతుంది (మేమూ పెడుతుంటాం, ఒప్పుకోవాలి). నిజానికి అప్పటికి ఫైలు పుట్టిందంతే. తర్వాత ఇంజినీరు వచ్చి కొలతలు తీసుకుని ఎస్టిమేట్ వేస్తాడు.

ఆ ఎస్టిమేట్ మీద వచ్చేదే పరిపాలనా అనుమతి. పెద్ద పని అయితే శాఖ నుంచి జీవో రూపంలో, చిన్న పని అయితే కలెక్టర్ ప్రొసీడింగ్స్ రూపంలో వస్తుంది. దాంట్లో పని పేరు, మొత్తం, ఏ పద్దు కింద ఖర్చు రాయాలి అనేవి ఉంటాయి. పోస్టర్‌లో ‘మంజూరైంది’ అంటే సాధారణంగా ఇదే. ఈ పని చేసుకోవచ్చు అని ప్రభుత్వం ఒప్పుకున్నట్టు. డబ్బు ఇచ్చినట్టు కాదు. శంకుస్థాపనలు ఎక్కువగా ఈ దశలోనే అయిపోతాయి.

తర్వాత సాంకేతిక అనుమతి. డిజైన్, రేట్లు సరిగ్గా ఉన్నాయని పై ఇంజినీరు సంతకం పెట్టాలి. ఆపైన టెండరు. ఎవరైనా ముందుకొస్తే అగ్రిమెంట్. ఎవరూ రాకపోతే మళ్లీ టెండరు. పాత పనుల బిల్లులు రాని చోట కాంట్రాక్టర్లు కొత్త టెండరు వేయడానికి వెనకాడతారు. మన గోడ చాలాసార్లు ఆగేది ఇక్కడే. ఆఫీసులో అడిగితే ‘టెండర్ స్టేజీలో ఉంది’ అంటారు. ఆ మాట ఏడాది తర్వాత అడిగినా నిజమే అవుతుంది.

పని మొదలైతే, చేసినంత మేరకు ఇంజినీరు ఎంబీలో, అంటే కొలతల పుస్తకంలో, రాస్తాడు. దాన్నిబట్టి బిల్లు తయారై ట్రెజరీకో, పే అండ్ అకౌంట్స్ ఆఫీసుకో పోతుంది. అక్కడ టోకెన్ నంబరు పడుతుంది. టోకెన్ పడింది అంటే క్యూలో నిలబడ్డట్టు. డబ్బు పడాలంటే ఆర్థిక శాఖ నిధులు వదలాలి. దానికి ఇచ్చే ఉత్తర్వునే బీఆర్‌ఓ, బడ్జెట్ విడుదల ఉత్తర్వు, అంటారు.

నేను బీకాం చదివినవాణ్ని కాబట్టి లెక్కల భాషలో చెప్తాను: పరిపాలనా అనుమతి అంటే దుకాణదారుడు ‘సరుకు ఇస్తాను’ అని ఒప్పుకోవడం. బీఆర్‌ఓ అంటే గల్లా పెట్టె తెరవడం. ఈ రెండింటి మధ్య నెలలు పట్టొచ్చు, ఏళ్లు పట్టొచ్చు, ఒక్కోసారి రెండోది రాకుండానే పోవచ్చు.

ఇంకో చిక్కు మార్చి 31. ప్రభుత్వ ఆర్థిక సంవత్సరం ఏప్రిల్ 1న మొదలై మార్చి 31తో ముగుస్తుంది. బడ్జెట్‌లో ఆ ఏడాదికి పెట్టిన డబ్బు ఆ రోజు లోపల వాడకపోతే మురిగిపోతుంది. కొత్త ఏడాదిలో మళ్లీ కేటాయింపు కావాలి. కాబట్టి ఫిబ్రవరి, మార్చిలో వచ్చే ‘మంజూరు’ పోస్టర్‌ని కొంచెం ఎక్కువ జాగ్రత్తగా చదవాలి. అలాగే ఎన్నికల కోడ్ వచ్చే ముందు రోజుల్లో వచ్చేవాటిని కూడా. వర్క్ ఆర్డర్ ఇచ్చినా నేల మీద పని మొదలుకాకపోతే కోడ్ ఉన్నంతకాలం మొదలుపెట్టడానికి లేదు.

అది ఎవరి డబ్బు?

‘ఎమ్మెల్యే నిధుల నుంచి’ అని పోస్టర్‌లో ఉంటే అది సాధారణంగా నియోజకవర్గ అభివృద్ధి నిధి, సీడీపీ. తెలంగాణలో 2021-22 బడ్జెట్‌లో దీన్ని ఒక్కొక్క ఎమ్మెల్యేకి, ఎమ్మెల్సీకి ఏడాదికి 5 కోట్లు చేశారు. ఎంపీలకు ఉండే ఎంపీలాడ్స్ కూడా ఏడాదికి 5 కోట్లే, అది కేంద్రం డబ్బు.

ఈ సొమ్ము ఎమ్మెల్యే ఖాతాలో పడదు. చాలామంది పడుతుంది అనుకుంటారు, నేనూ డిగ్రీ అయ్యేదాకా అలాగే అనుకున్నాను. ఎమ్మెల్యే చేసేది సిఫారసు. జిల్లా కలెక్టరేట్‌లో ముఖ్య ప్రణాళికాధికారి ఆఫీసు ఉంటుంది, ఫైలు అక్కడ నడుస్తుంది. పని చేయించేది పంచాయతీరాజ్ ఇంజినీర్లో, మున్సిపాలిటీయో. కాబట్టి ‘సార్ ఇస్తామన్నారు, ఇవ్వలేదు’ అని ఎమ్మెల్యే ఇంటి ముందు నిలబడేకంటే, సిఫారసు లేఖ కలెక్టరేట్‌కు ఏ తేదీన చేరింది అని కనుక్కోవడం పనికొస్తుంది. లేఖే చేరలేదని తేలితే అప్పుడు ఇంటికెళ్లి అడగొచ్చు, చేతిలో ఆధారం ఉంటుంది.

అందరికీ వచ్చిందా, మనకే తెచ్చారా?

పోస్టర్లలో ఎక్కువగా కలిసిపోయేది ఇదే. ఇందిరమ్మ ఇళ్లు తీసుకోండి. మొదటి విడతలో నియోజకవర్గానికి 3,500 ఇళ్లు అని ప్రభుత్వం విధానంగా పెట్టుకుంది. తెలంగాణలో నియోజకవర్గాలు 119. గుణిస్తే 4,16,500. మొదటి విడత మొత్తం లక్ష్యం నాలుగున్నర లక్షలు. అంటే ఈ లెక్క రాష్ట్రమంతా ఒకటే. అధికార పార్టీ ఎమ్మెల్యే ఉన్నా, ప్రతిపక్షం ఉన్నా అదే కోటా. ‘మన నియోజకవర్గానికి 3,500 ఇళ్లు సాధించాం’ అంటే తప్పు కాదు గానీ, సాధించింది ఏమీ లేదు.

అడగాల్సింది వేరే. ఆ 3,500లో ఎన్ని ఇళ్లకు పునాది పడింది, ఎన్ని స్లాబ్ దాకా వచ్చాయి? ఎందుకంటే ఇంటికిచ్చే 5 లక్షలు ఒకేసారి రావు. పునాది అయ్యాక కొంత, గోడలు పైకప్పు ఎత్తుకు వచ్చాక కొంత, స్లాబ్ పడ్డాక కొంత, పూర్తయ్యాక మిగతాది. మంజూరు పత్రం చేతికొచ్చినా, పునాదికి సొంత డబ్బు పెట్టుకోలేని కుటుంబం అక్కడే ఆగిపోతుంది. మన బస్తీల్లో అద్దెకుండే వాళ్ల సంగతి ఇంకా కష్టం, సొంత జాగా ఉండాలి కదా. ఎమ్మెల్యే పనితనం తెలిసేది ఈ ఆగిపోయిన ఇళ్ల దగ్గరే. మహిళా సంఘం నుంచి అప్పు ఇప్పించారా, ఇసుక అందేలా చూశారా అన్నది చూడాలి.

మైనారిటీ సంక్షేమం బడ్జెట్ కూడా ఇలాగే చదవాలి. తెలంగాణ ప్రభుత్వం 2024-25లో 3,003 కోట్లు, 2025-26లో 3,591 కోట్లు చూపించింది. ప్రతి మీటింగులో ఈ అంకె వినిపిస్తుంది. కానీ ఇది బడ్జెట్ అంచనా, అంటే ఏడాది మొదట్లో అనుకున్నది. బడ్జెట్ పుస్తకాల్లో ప్రతి పద్దుకూ పక్క పక్కనే వేర్వేరు కాలమ్‌లు ఉంటాయి: వచ్చే ఏడాది అంచనా, నడుస్తున్న ఏడాదికి సవరించిన అంచనా, అంతకు ముందు ఏడాది అసలు ఖర్చు. ఒక ఏడాది అసలు ఖర్చు మనకు కనపడేది దాదాపు రెండేళ్ల తర్వాత పుస్తకంలో. అప్పటికి ఆ అంకె ఎవరికీ గుర్తుండదు. కేటాయింపు మీద చప్పట్లు కొట్టినవాళ్లు ఆ మూడో కాలమ్ కూడా తెరిచి చూస్తే బాగుంటుంది. పుస్తకాలు ఆర్థిక శాఖ వెబ్‌సైట్‌లో ఉచితంగానే ఉంటాయి.

చెక్కుల సంగతి

షాదీ ముబారక్ 2014 అక్టోబర్ 2న 51 వేలతో మొదలైంది. 2017లో 75,116, 2018లో 1,00,116 అయింది. దరఖాస్తు ఈపాస్‌లో వేస్తాం, తహసీల్దార్ ఆఫీసు విచారణ చేస్తుంది, ఎమ్మెల్యే ఆమోదం దగ్గరికి ఫైలు వెళ్తుంది, ఆర్డీవో మంజూరు చేస్తారు, ట్రెజరీ నుంచి బిల్లు పాసై పెళ్లికూతురు తల్లి పేరు మీద చెక్కు వస్తుంది. అర్హత పథకం నిబంధనల నుంచి వచ్చింది, డబ్బు రాష్ట్ర ఖజానాది. ఎమ్మెల్యే చేతుల మీదుగా పంచడం ఒక ఏర్పాటు మాత్రమే. ఈ మాట ఎందుకంటే, ‘సార్ దయ’ అనుకుని ఆలస్యమైనా అడగనివాళ్లు చాలామంది ఉన్నారు.

ఆలస్యంలో ఒక ప్రమాదం ఉంది. 2012 ఏప్రిల్ 1 నుంచి ఆర్‌బీఐ నిబంధన ప్రకారం చెక్కు దాని మీద రాసిన తేదీ నుంచి మూడు నెలలే చెల్లుతుంది. చేతికి అందిన తేదీ నుంచి కాదు. పంపిణీ సభ వాయిదా పడుతూ పోతే, చెక్కు బీరువాలోనే ముసలిదైపోతుంది. మా ఖాలా కూతురి చెక్కు అలాగే చేతికొచ్చేసరికి తొమ్మిది రోజులే మిగిలాయి. మధ్యలో ఒక ఆదివారం, ఒక పండగ సెలవు. స్టేజీ మీద ఫొటో దిగగానే ముందు తేదీ చూసుకోండి, ఆ రోజో మర్నాడో బ్యాంకులో వేసేయండి. గడువు దాటితే చెక్కును తహసీల్దార్ ఆఫీసులో ఇచ్చి మార్పించుకోవాలి, మళ్లీ తిరుగుడు.

సీఎంఆర్‌ఎఫ్ చెక్కుకూ ఇదే మూడు నెలల గడువు. 2024 జూలై నుంచి తెలంగాణలో సీఎంఆర్‌ఎఫ్ దరఖాస్తులు ఆన్‌లైన్‌లోనే తీసుకుంటున్నారు. ఎమ్మెల్యే ఆఫీసు సిఫారసు లేఖతో పాటు ఆసుపత్రి బిల్లులు అప్‌లోడ్ చేస్తారు. అప్పుడు వచ్చే నంబరు అడిగి తీసుకోండి. ‘మీ ఫైలు పంపించాం అమ్మా’ అన్న మాటకన్నా ఆ నంబరు ముఖ్యం. అదే వైద్యం కాకముందే కావాల్సిన సాయం అయితే అది ఎల్‌ఓసీ, నిమ్స్‌లాంటి చోట ముందే ఎస్టిమేట్ తీసుకుని పెట్టుకోవాలి. డిశ్చార్జి అయ్యాక ఎల్‌ఓసీ రాదు.

అసెంబ్లీలో ఏం చేశారు?

పోస్టర్లలో ఎప్పుడూ కనపడనిది ఇది. ఎమ్మెల్యే అసలు ఉద్యోగం చట్టాలు చేయడం, బడ్జెట్‌ను ఆమోదించడం, ప్రభుత్వాన్ని ప్రశ్నించడం. రోడ్లు, చెక్కులు ఆ తర్వాత తగిలించుకున్న పని. ఒక ప్రశ్న నక్షత్ర గుర్తుతో అడిగితే మంత్రి సభలో నోటితో జవాబు చెప్పాలి, అనుబంధ ప్రశ్నలు కూడా వేయొచ్చు. గుర్తు లేకపోతే రాతపూర్వక జవాబు వస్తుంది. ‘ఈ జిల్లాలో మంజూరై మొదలుకాని ఖబ్రస్తాన్ ప్రహరీలు ఎన్ని, ఎందుకు?’ అని ఒక్క ప్రశ్న పడితే అధికారులు లెక్క తీయక తప్పదు. జమాత్ కమిటీలు ఎమ్మెల్యేకి ఇచ్చే వినతిపత్రంలో నిధులతో పాటు ‘ఈ ప్రశ్న వేయండి’ అని కూడా రాయొచ్చు. ఎందుకో మనవాళ్లు రాయరు.

బిల్లు పాసైంది అన్న వార్తకు కూడా మెట్లు ఉన్నాయి. 2017 ఏప్రిల్ 16న తెలంగాణ అసెంబ్లీ ముస్లింల రిజర్వేషన్‌ను 4 నుంచి 12 శాతానికి, ఎస్టీలది 6 నుంచి 10కి పెంచే బిల్లు పాస్ చేసింది. ఆ రోజు మా వీధిలో మిఠాయిలు పంచారు. మొత్తం రిజర్వేషన్లు 62 శాతానికి చేరే ఆ బిల్లుకు రాష్ట్రపతి ఆమోదం కావాలి. కేంద్రానికి పంపారు. ఆమోదం రాలేదు. ఈ రోజుకీ నడుస్తున్నది 2007 చట్టం కింద ఉన్న 4 శాతమే, దాని మీద కూడా సుప్రీంకోర్టులో కేసు ఉంది. 2025 మార్చిలో బీసీలకు 42 శాతం బిల్లులు పాసైనప్పుడు కూడా దారి అదే, రాష్ట్రపతి దగ్గరికే. వక్ఫ్ సవరణ చట్టం 2025 అయితే పార్లమెంటు చేసింది. దాన్ని రద్దు చేయిస్తాం అని ఏ ఎమ్మెల్యే చెప్పినా అది ఆయన చేతిలో లేని పని. వక్ఫ్ భూమి సర్వే, ఆక్రమణల మీద రెవెన్యూ అధికారుల కదలిక, ఇవి రాష్ట్రం చేతిలో ఉన్నవి. ఆయన్ని అడగాల్సింది వాటి గురించి.

ఇక ఓటు. హైదరాబాద్‌లో పుట్టి అమెరికాలో పెరిగిన గజాలా హష్మీ పేరు మన పాఠకులకు తెలుసు. 2019లో వర్జీనియా రాష్ట్ర సెనేట్‌కు ఎన్నికయ్యారు, 2025 నవంబర్‌లో అదే రాష్ట్రానికి లెఫ్టినెంట్ గవర్నర్‌గా గెలిచారు. అక్కడి శాసనసభ్యులు సమావేశాలు నడిచే రోజుల్లో తమ ఓటర్లకు ఏ బిల్లు పెట్టాం, ఏది పోయింది అని లేఖలు పంపడం మామూలే. ఎవరు ఏ బిల్లుకు ఎటు ఓటేశారో పేరు పేరునా శాసనసభ వెబ్‌సైట్‌లో ఉంటుంది. మన దగ్గర బిల్లులు ఎక్కువగా మూజువాణి ఓటుతో పాసవుతాయి. ఎవరైనా డివిజన్ అడిగితేనే పేర్ల వారీ లెక్క. పైగా పార్టీ విప్ ఇచ్చాక దాటితే పదవికే ఎసరు. అందుకని మన ఎమ్మెల్యేని ఓటుతో కొలవడం కుదరదు. ఏం మాట్లాడారు, ఏం అడిగారు అన్నదే మిగిలింది. సభ చర్చలు అసెంబ్లీ వెబ్‌సైట్‌లో పెడతారు.

అడిగే పద్ధతి

పోస్టర్ కింద కామెంట్ పెడితే జవాబు రాదు, గొడవ వస్తుంది. ముందు మర్యాదగా పీఏని అడగండి: జీవో నంబరు గానీ కలెక్టర్ ప్రొసీడింగ్స్ నంబరు గానీ చెప్పండి అని. నిజంగా మంజూరైన పనికి నంబరు, తేదీ ఉండి తీరుతాయి. నంబరు లేదంటే పని ఇంకా వినతిపత్రం దశలోనే ఉన్నట్టు.

నంబరు దొరికాక సమాచార హక్కు చట్టం. దరఖాస్తు తెల్ల కాగితం మీద తెలుగులోనే రాయొచ్చు, ఉర్దూ మీ ప్రాంతంలో అధికార భాషగా ఉంటే ఉర్దూలో కూడా. ఇంత రాస్తే చాలు: ‘ఫలానా నంబరు, ఫలానా తేదీ ఉత్తర్వు ప్రకారం మంజూరైన ఖబ్రస్తాన్ ప్రహరీ పనికి సంబంధించి పరిపాలనా అనుమతి, సాంకేతిక అనుమతి, టెండర్ నోటీసు, అగ్రిమెంట్ నకళ్లు ఇవ్వగలరు. ఈ రోజు వరకు విడుదలైన మొత్తం, ఖర్చయిన మొత్తం, ఎంబీలో నమోదైన పని వివరాలు తెలపగలరు.’ ఎందుకు ఆలస్యమైంది, ఎవరిది తప్పు అని అడగొద్దు. ఆర్టీఐలో కాగితం అడిగితే వస్తుంది, కారణం అడిగితే తిప్పి పంపుతారు.

ఫీజు గ్రామ స్థాయి ఆఫీసులో లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవాళ్లకు ఫీజే లేదు, దానికి ఆధారం జత చేయాలి. వేరే శాఖ పని అయితే దరఖాస్తును 5 రోజుల్లో ఆ శాఖకు బదిలీ చేయాల్సింది ఆ అధికారే, మీరు మళ్లీ తిరగక్కర్లేదు. 30 రోజుల్లో జవాబు రాకపోతే ఇంకో 30 రోజుల్లోగా అదే ఆఫీసులో పై అధికారికి మొదటి అప్పీలు, ఆ తర్వాత 90 రోజుల్లో రాష్ట్ర సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు. తెలంగాణ కమిషన్ 2023 నుంచి రెండేళ్లకు పైగా కమిషనర్లు లేక ఖాళీగా ఉండి, 2025 మేలో కొత్తవాళ్లు వచ్చారు. పాత అప్పీళ్లు గుట్టగా ఉన్నాయి కాబట్టి మొదటి అప్పీలు దగ్గరే గట్టిగా పట్టుకోవడం మేలు.

నేను చెప్పిన ఆ కమిటీవాళ్లు చివరికి ఇదే చేశారు. జవాబు వచ్చింది: పరిపాలనా అనుమతి ఉంది, టెండరుకు ఎవరూ రాలేదు, విడుదల సున్నా. ఆ కాగితం పట్టుకుని ఎమ్మెల్యే దగ్గరికి వెళ్తే, మళ్లీ టెండరు పిలిపిస్తానని అన్నారు. కమిటీ మాత్రం ఈసారి చందా డబ్బా మూసేయలేదు. ముందు ఆ నాలుగో వైపు ముళ్లకంచె వేస్తున్నారు.